మూడో పిలుపు

బుచ్చిరాములు గొంతు సంగతి ముందు చెప్పాలి. ఆయన బతికింది దాని మీదే, చెడింది కూడా దానితోనే.

కరీంనగర్‌లో మేజిస్ట్రేటు కోర్టు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలిచే బంట్రోతు ఆయన. ఖాకీ కోటు, భుజం మీదుగా ఎర్రపట్టీ, దాని మీద ఇత్తడి బిల్ల. మనిషి బక్కపలచన. ఆ బక్క డొక్కలోంచి అంత గొంతు ఎట్లా వచ్చేదో నాకిప్పటికీ తెలియదు. ఎవరి పేరైనా పిలిచి “హాజర్ హై?” అన్నాడంటే కాంపౌండు గోడ అవతల ఐలవ్వ హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు కూడా గ్లాసు కింద పెట్టేవాళ్లు, పిలిచింది తమను కాదని తెలిసినా సరే. నిజాం రాజ్యం పోయి ఇరవై ఏళ్లు దాటినా ఆయన పిలుపు మాత్రం ఉర్దూలోనే ఉండేది. మార్చుకోమన్న హాకింలు బదిలీ మీద వెళ్లిపోయారు గానీ పిలుపు మారలేదు. మేజిస్ట్రేటును హాకిం అనడం కూడా ఆయన దగ్గరే నాకు అలవాటైంది.

కోర్టుకు ఒక పద్ధతి ఉంది. ఏ పేరైనా మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకు కూడా పలకకపోతే గైర్హాజరు రాస్తారు. ఫిర్యాదు చేసినవాడైతే కేసు కొట్టేస్తారు, ముద్దాయి అయితే వారంటు పుడుతుంది. బుచ్చిరాములు మొదటి రెండు పిలుపులూ వెంటవెంటనే పిలిచేవాడు. మూడోదానికి మాత్రం ఎక్కడలేని ఆలస్యం చేసేవాడు. తలకు చుట్టిన రుమాలు విప్పి మళ్లీ చుట్టుకునేవాడు. లేని దగ్గు తెచ్చుకునేవాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాపీగా తాగేవాడు. లోపలినుంచి హాకిం కసిరితే నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ, “జర ఆగుండ్రి సాబ్, చొప్పదండి బస్సు వచ్చినట్టున్నది” అనేవాడు.

నాకు ఒళ్లు మండేది. కొత్తగా నల్లకోటు తొడిగినవాణ్ని, ఎదుటివాడు రాకపోతే నాకు కేసు ఊరికే గెలిచినట్టే. ఒకసారి ఇట్లాగే ఆయన రుమాలు విప్పి చుట్టుకునేలోపల ఓ ముసలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో కూలబడింది. నా గెలుపు గంగలో కలిసింది. బయటికొచ్చి ఆయన మీద పడ్డాను.

“కోర్టు నీ అబ్బ సొమ్మా బుచ్చిరాములూ? మూడోది పిలవడానికి నీకు నోరు రాదా?”

“ముసల్ది ఊపిరాడక ఉర్కొచ్చింది వకీల్‌సాబ్. రెండు నిమిషాలాగితె మీ ముల్లేం పాయె?” అని నవ్వాడు.

నా పేరు కరుణాకర్‌రావు అయినా ఆయనకు నేను చివరిదాకా వకీల్‌సాబ్‌నే.

అంత మెత్తని మనిషి, శిక్షల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాయి. అది 1969. తెలంగాణ కావాలని పిల్లలు కాలేజీలు వదిలి రోడ్డెక్కిన ఏడు. రోజుకో బందు, వారానికో లాఠీచార్జి, బస్టాండు వైపు నుంచి టైర్లు కాలిన వాసన. ఐలవ్వ హోటలు రెండో కోర్టు అయిపోయింది. మధ్యాహ్నం బుచ్చిరాములు జొన్నరొట్టె మూట విప్పుకుని బల్ల మీద కూర్చుంటే తీర్పులు మొదలయ్యేవి.

“బస్సు ఎవనిది? సర్కారుది. రేపు గా బస్సు లేకపోతె నడిసి పోవలసింది ఎవలు? మనమే. అగ్గివెట్టినోన్ని నడిబజార్ల నిలవెట్టి పది కొరడాలు కొట్టాలె. అప్పుడు పక్కోనికి బుద్ధొస్తది.”

“మన కొలువులు మనకియ్యమని అడుగుతున్నరు. అది తప్పా?” అనేవాణ్ని నేను.

“అడుగుడు తప్పుగాదు. అగ్గివెట్టుడు తప్పు. రాజు లేని రాజ్యం గిట్లనే ఉంటది వకీల్‌సాబ్. ఎవనికి ఎవడు భయపడడు. మల్ల ఎన్కకు రాజులే రావాలె, సూస్తుండుండ్రి.”

రాజు మాటెత్తితే ఐలవ్వ గిన్నె టక్కున కింద పెట్టేది. “మా అయ్య నీ రాజు కాలంలనే వెట్టిజేసి నడుము ఇరిగి సచ్చిండు. తీస్కపోయి మానేరు వాగుల కలుపు నీ రాజును,” అనేది. రజాకార్లను మరిచిపోయావా అని నేనూ ఒక పుల్ల వేసేవాణ్ని. ఆయన రొట్టె నములుతూనే తల అడ్డంగా ఊపేవాడు. మా మాటలు కాదనేవాడు కాదు. కానీ ఆయన దగ్గర ఒక జ్ఞాపకం ఉండేది, దాని ముందు మా వాదాలేవీ నిలిచేవి కావు.

ఆయన కొత్తగా నౌకరీలో చేరిన ఏడు నిజాం పుట్టినరోజుకు, సాలగిరా అంటారు దాన్ని, కొందరు ఖైదీలకు మాఫీ వచ్చిందట. గొంతు బాగుందని ఈయన్ని జైలు గేటు దగ్గరికి పంపి పేర్లు పిలవమన్నారట. పదకొండు పేర్లు. పిలిచిన ప్రతివాడూ లోపలినుంచి “హాజర్” అంటూ ఏడ్చుకుంటూ బయటికొచ్చాడట. ఒకడు ఈయన కాళ్ల మీద పడబోయాడట. ఇందులో ఎంత జరిగిందో, ఎంత ఆయన కలుపుకున్నాడో నేను చెప్పలేను. చెప్పేటప్పుడు మాత్రం ఆయన కళ్లు తడిసేవి.

“రాజు కొడ్తడు, మల్ల రాజే ఇడుస్తడు. గీళ్లకు కొట్టుడొక్కటే ఎర్క,” అనేవాడు. ఆ పాత సర్కారు బిల్లను ఆయన పారేయలేదు. ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టి దాచుకున్నాడు.

ఆయన భార్య నాగవ్వ. ముగ్గురు బిడ్డలు పుట్టి పోయాక పోశమ్మకు మొక్కుకుంటే నాలుగోవాడు నిలిచాడు. అందుకే వాడు పోశం అయ్యాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు, బీఏ మొదటి సంవత్సరం. పిల్లవాడు తండ్రిలాగే బక్కపలచన, తండ్రిలాగే గొంతు. ఆ గొంతు కోసమే ఊరేగింపుల్లో వాణ్ని ముందు నిలబెట్టేవాళ్లు. నినాదం ఎత్తుకునేది వాడే. తండ్రి గుమ్మం దగ్గర నిలబడి ముద్దాయిల పేర్లు పిలుస్తుంటే రోడ్డు మీద కొడుకు గొంతు వినబడేది. బుచ్చిరాములు విననట్టే మొహం పెట్టేవాడు గానీ, ఒకసారి ఆ గొంతు రోడ్డు మలుపు తిరిగేదాకా రెండో పిలుపు కూడా పిలవకుండా నిలబడ్డం నేను చూశాను.

జూన్‌లో ఊరి బయట ఒక బస్సు కాలింది. ఆ రోజు పోశం ఊళ్లోనే లేడు. జ్వరం వచ్చి చొప్పదండిలో మేనత్త కమలవ్వ ఇంట్లో పడి ఉన్నాడు. కానీ పోలీసులకు ఎవరో నలుగురి పేర్లు కావాలి, ఊరేగింపులో అందరికంటే గట్టిగా వినబడిన గొంతు వీడిది. నలుగురి మీద కేసు పెట్టారు, అందులో మొదటి పేరు పోశం.

నలుగురి తరఫునా నేనే నిలబడ్డాను. బెయిలు మీద వాళ్లను బయటికి తెచ్చి నా ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పాను. “హాకిం అడిగినప్పుడు కాదు, మేం చెయ్యలే అనండి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. వాళ్లకు సాక్షులు లేరు. ఏడాది నడుస్తుంది, తర్వాత కొట్టేస్తారు.” నలుగురూ తలూపారు. పోశం కూడా ఊపాడు.

కేసుకు ముందురోజు సాయంత్రం వాళ్లింట్లో జరిగింది నాగవ్వ నాకు తర్వాత ఎప్పుడో చెప్పింది.

బుచ్చిరాములుకు నా మాట నచ్చలేదు. ఆయన ఇరవై ఏడేళ్లుగా ఆ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నది వేరు. పేకాట ఆడి దొరికినవాడు, కల్లు తాగి కొట్టుకున్నవాడు, పరాయి చేలో పశువును తోలినవాడు, రోజుకు పది మంది వచ్చి “తప్పయింది సాబ్” అని తల వంచితే జుర్మానా వేసి పంపించేయడం ఆయన చూశాడు. కాదని మొండికేసినవాడు ఏళ్ల తరబడి పేషీలకు తిరగడమూ చూశాడు. ఊళ్లో కులపంచాయితీ పద్ధతీ అదే. చేసినా చెయ్యకున్నా పెద్దల ముందు తప్పు ఒప్పుకుంటే దండుగ కట్టించి కడుపులో పెట్టుకుంటారు. లోపల జరిగే పెద్ద కేసుల్లో ఏమవుతుందో బంట్రోతుకు వినబడదు. అవి నడిచేటప్పుడు ఆయన బయట తరువాతి పేరు కోసం చూస్తుంటాడు.

“నువ్వు కాదంటె కేసు నడుస్తనే ఉంటది. నీ సదువు పాడైతది. ఒప్పుకో కొడుకా. సదువుకునే పిల్లగాడు, తల వంచిండని జుర్మానా ఏసి ఇంటికి పంపుతరు,” అన్నాడట.

“చెయ్యనిది చేసిన అనాల్నా బాపూ?”

“నేను చెడు చెప్తనారా నీకు? పిలిచేది నేనే గద. నేను పిలుస్త, నువ్వు మొదటి పిలుపుకే పలుకు. లోపట్కి పోయి తల వంచు. గంతే.”

 “నీ ఇష్టం బాపూ,” అన్నాడట పోశం. ఆ మాట చెప్పేటప్పుడు నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

తెల్లవారి బుచ్చిరాములు గుమ్మంలో నిలబడి పిలిచాడు. “పోశం, వల్ద్ బుచ్చిరాములు, హాజర్ హై?” వల్ద్ అంటే ఫలానావాడి కొడుకు అని. సొంత పేరు కొడుకు పేరుకు తగిలించి పిలిచినప్పుడు ఆ గొంతులో నాకు ఏ వణుకూ వినబడలేదు. ఇంకా చెప్పాలంటే కొంచెం గర్వం వినబడింది. పోశం మొదటి పిలుపుకే “హాజర్” అన్నాడు. అదే గొంతు. లోపల ఉన్నవాళ్లు తలెత్తి చూశారు.

హాకిం నేరం చదివి వినిపించి, ఒప్పుకుంటున్నావా అని అడిగాడు.

“ఒప్పుకుంటున్న,” అన్నాడు పోశం.

 నేను లేచి గడువు అడిగాను. హాకిం నన్ను కూర్చోమని, వాణ్ని మళ్లీ అడిగాడు. “ఎవరైనా భయపెట్టారా? ఆశపెట్టారా?” పోశం గుమ్మం వైపు చూశాడు. అక్కడ తండ్రి నిలబడి ఉన్నాడు. కళ్లతోనే, తల వంచు అన్నట్టు సైగ చేశాడు. ఇది ఎవరి సలహానో నాకప్పుడు అర్థమైంది. పోశం తల వంచి, “ఎవలూ లేరు,” అన్నాడు.

రెండేళ్ల కఠిన శిక్ష వేశారు. ఊళ్లో అల్లర్లు పెచ్చుమీరుతున్నాయనీ, ఒకడికి గట్టిగా పడితే తప్ప మిగతావాళ్లకు బుద్ధి రాదనీ రాశారు. బుచ్చిరాములు ఐలవ్వ హోటల్లో రోజూ అన్న మాటే అది. ఇంగ్లీషులో ఉంది గనుక ఆయనకు అర్థం కాలేదు. నేనే బయటికొచ్చి చెప్పాను.

“జుర్మానా ఎంత వకీల్‌సాబ్?” అని అడిగాడు.

“జుర్మానా కాదు. రెండేళ్లు.”

“ఎవలికి?”

నాకు కోపం ఆగలేదు. “నీ కొడుక్కి! ఇంకెవరికి? ముసల్దానికి రెండు నిమిషాలిచ్చినవు, నీ కొడుక్కు రెండేండ్లు ఇప్పించినవు,” అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.  లోపలినుంచి గుమాస్తా తరువాతి కేసు కాగితం అందించాడు. ఆయన అందుకున్నాడు. ఏదో ఊరి ఆవు కేసు. ఆ పేరు పిలిచాడు. గొంతు తగ్గలేదు, పగలలేదు. అది చూసి ఈ మనిషికి గుండె లేదా అనుకున్నాను. గొంతు మాత్రమే మిగిలిందని నాకు తర్వాత గానీ తెలియలేదు.

అప్పీలుకు వెళ్లాను. నేరం ఒప్పుకున్నవాడికి అప్పీలులో శిక్ష తగ్గించమని అడగడం తప్ప ఏమీ మిగలదు. అడిగాను. తగ్గలేదు. కాదన్న మిగతా ముగ్గురి మీదా కేసు నడిచింది. పధ్నాలుగు నెలలకు, సాక్షులు ఎవరినీ గుర్తుపట్టలేదని వదిలేశారు. వాళ్లలో ఒకడికి తర్వాత సర్కారు కొలువు కూడా వచ్చింది.

ఆ చలికాలం ఒకరోజు బుచ్చిరాములు నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఉర్దూలో రాసిన కాగితం. మంచి అక్షరాలతో మళ్లీ రాయించి పెట్టమన్నాడు. మాఫీ దరఖాస్తు. ఎవరికి అని చూస్తే హైదరాబాదులో నిజాం గద్దె వారసుడికి.

“నీకు మతి ఉందా? ఆయన చేతుల ఏముంది?” అన్నాను.

“సర్కారే ఆయనకు రాజభరణమిస్తున్నది గద వకీల్‌సాబ్. ఊరికే ఇస్తదా? రాజని ఒప్పుకున్నట్టే గద. గద్దె మీద లేకపోతె ఏంది, సాలగిరా వస్తనే ఉంటది. కాగితం మీద ఒక్క దస్తకత్ చేస్తె చాలు.”

మాఫీ ఇచ్చే అధికారం ఇప్పుడు గవర్నరుకుందని వివరించి, అక్కడికీ ఒకటి రాసి పంపాను. కుదరదని జవాబొచ్చింది. ప్యాలెసుకు రాసింది కూడా పంపాను. వద్దనడానికి నోరు రాలేదు. ఆయన మొహం చూసి పంపానని అప్పుడు అనుకున్నాను. నిజానికి నా తప్పు కూడా కొంచెం ఆ కాగితంలో పెట్టి పంపాను. ఆ పిల్లవాణ్ని నేను ముందురోజు నా దగ్గరే ఉంచుకుని ఉంటే సరిపోయేది.

ప్యాలెసు నుంచి జవాబు రాలేదు. ఆయన ఎదురుచూశాడు. సాలగిరా వచ్చింది, పోయింది. వచ్చే ఏడు సాలగిరాకు అనుకున్నాడు. 1970 సెప్టెంబరులో ఒకరోజు ఐలవ్వ హోటల్లో రేడియో మోగుతోంది. దేశంలో రాజులెవరినీ ఇక రాజులుగా గుర్తించేది లేదని, భరణాలు ఆపేస్తున్నామని సర్కారు చెప్పిందని వార్త. హోటల్లో ఒకడు ఈల వేశాడు. ఐలవ్వ అందరికీ ఊరికే చాయ్ పోసింది. బుచ్చిరాములు నా దగ్గరికొచ్చి చెవిలో, “మరి మన దరఖాస్తు?” అని అడిగాడు. 

డిసెంబరులో ఢిల్లీలోని పెద్దకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదన్నది. ఆ రోజు ఆయన కోర్టు వరండాలో అందరికీ బెల్లం పంచాడు. “చూసిన్రా, కోర్టే నిలవెట్టింది రాజును,” అన్నాడు. ఎందుకు పంచుతున్నాడో తెలియని కుర్ర వకీళ్లు నవ్వుతూ తిన్నారు. నేను ముక్క చేతిలో పట్టుకుని బయటికి పోయాను.

శిక్షలో కొంత తగ్గింపు పోగా పోశం 1971 ఎండాకాలం మొదట్లో బయటికొచ్చాడు. ఏ మాఫీ రాలేదు, పడ్డ శిక్ష పూర్తయింది, అంతే. నాగవ్వ కొత్త చొక్కా కుట్టించి పంపింది. నేనూ వెంట వెళ్లాను. జైలు గేటు దగ్గర బుచ్చిరాములు ఖాకీ కోటు, ఎర్రపట్టీ వేసుకుని నిలబడ్డాడు. బిల్ల మాత్రం ట్రంకుపెట్టెలోని పాతది. గేటు తెరుచుకోగానే, ఎవరూ అడగకుండానే, తన గొంతు ఎత్తి పిలిచాడు. “పోశం, వల్ద్ బుచ్చిరాములు, హాజర్ హై?”

పోశం బయటికొచ్చాడు. గుండు, పుండ్లు పడ్డ చేతులు. తండ్రి ముందు ఆగాడు. చొక్కా అందుకోలేదు.

“నువ్వు పిలిస్తె ఒకపారి పలికిన బాపూ,” అన్నాడు. “ఇగ పలుక.”

గట్టిగా కూడా అనలేదు. బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు. బుచ్చిరాములు చొక్కా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకుని లాగితే గానీ కదల్లేదు.

పోశం నస్పూర్ వెళ్లి బొగ్గుబాయిలో చేరాడు. జైలుకు పోయొచ్చినవాడికి కాలేజీ ఎక్కడిది, కొలువు ఎక్కడిది. కొమురవ్వ అనే పిల్లను అక్కడే చేసుకున్నాడు. తండ్రి కోర్టులో ఉండే వేళ చూసి వచ్చి తల్లితో మాట్లాడి పోయేవాడు. తండ్రి వచ్చేసరికి బస్సెక్కేసేవాడు.

ఆ ఏడు చివర్లో రాజ్యాంగమే మార్చి రాజులను పూర్తిగా తీసేశారు. ఈసారి పెద్దకోర్టుకు పోయినా లాభం లేకుండా చేశారు. ఐలవ్వ హోటల్లో ఆయన ఏమంటాడోనని అందరూ చూశారు. నేనూ చూశాను. ఆయన రొట్టె మూట విప్పలేదు.

“ఎవలుంటె ఏంది వకీల్‌సాబ్,” అన్నాడు. “శిక్ష ఏసుడు అందరికీ వస్తది. మాఫీ జేసుడే ఎవలికీ రాదు. నా కొడుక్కు గూడ రాకపాయె.”

 ఐలవ్వ ఆయన ముందు చాయ్ గ్లాసు పెట్టి, అక్కడే నిలబడింది. ఆ తర్వాత ఆ హోటల్లో ఆయన కొరడాల మాట గానీ, రాజు మాట గానీ ఎత్తడం నేను వినలేదు.

ప్రతి దసరాకూ నస్పూర్ వెళ్లేవాడు. ఒక ఏడు మంచిర్యాలలో నాకు పని ఉండి ఆయనతోపాటు వెళ్లాను. అప్పటికి రిటైరయ్యాడు, నడుము వంగింది. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లు వరసగా ఉంటాయి. కొడుకు ఇంటి ముందు పది అడుగుల దూరంలో నిలబడి రుమాలు సర్దుకుని, “పోశం!” అని పిలిచాడు. వరసలో అందరూ తలుపుల్లోకొచ్చారు, ఆ తలుపు తప్ప. కాస్త ఆగి మళ్లీ, “పోశం!” అన్నాడు. కొమురవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

“ఇంట్లనే ఉన్నడు మామా. ఎంత చెప్పినా నా మాట ఇంటలేడు,” అని ఏడ్చింది.

ఆయన నీళ్లు తాగి, జమ్మి ఆకు ఆమె చేతిలో పెట్టి, గడప వైపు చూస్తూ గంటసేపు నిలబడ్డాడు. తర్వాత వెనుదిరిగాడు. నాకు ఉండబట్టలేదు.

“ఇంత దూరం వచ్చి రెండుసార్లే పిలిచినవేంది? ఇంకోసారి పిలువు,” అన్నాను.

“మూడోది పిలిస్తె గైర్హాజర్ రాయాలె గద వకీల్‌సాబ్,” అన్నాడు. “నేను రాయ. వస్తడు. బస్సు జర ఆలిశమైంది, గంతే.”

పదహారు దసరాలు వెళ్లాడు. ఒక్కసారి కూడా మూడోది పిలవలేదని కొమురవ్వ చెప్పింది.

1988లో, దసరాకు నెల ముందు, ఆయన పోయాడు. పొద్దున లేచి ముఖం కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడట, కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. నస్పూర్‌కు కబురు వెళ్లింది. వస్తాడని ఎవరమూ అనుకోలేదు. మధ్యాహ్నానికి పోశం వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లకే సగం తల నెరిసింది. తల్లి వాణ్ని చెయ్యి పట్టుకుని తండ్రి దగ్గరికి తీసుకెళ్లింది.  వాడు నీళ్లు పోసుకొచ్చి, నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు.

మా వైపు పాడెను దారి మధ్యలో ఒకచోట దింపుతారు, దింపుడు కల్లం అంటారు. కొడుకు శవం చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే పలుకుతాడని ఆశ. మూడోసారికీ పలకకపోతే ఇక లేనట్టే, మళ్లీ ఎత్తి తీసుకెళతారు. మానేరు ఒడ్డుకు పోయే దారిలో పాడె దింపారు. కులపెద్ద మొండయ్య, “పిలువు బిడ్డా,” అన్నాడు.

పోశం మోకాళ్ల మీద కూర్చుని వంగాడు.

“బాపూ,” అన్నాడు. పదిహేడేళ్ల తర్వాత ఆ నోట్లోంచి ఆ మాట. గొంతు బొంగురుగా వచ్చింది.

“బాపూ!” అన్నాడు మళ్లీ. ఈసారి ఆ గొంతు వచ్చింది, బుచ్చిరాములుది. దారిన సైకిలు మీద పోతున్న మనిషి దిగి నిలబడ్డాడు. పాడె మీద ఆయన మొహం అట్లాగే ఉంది.

మూడోది పిలవలేదు. పోశం లేచి నిలబడ్డాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పాడు. మళ్లీ మెల్లగా చుట్టుకున్నాడు. నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరి వైపు, మేం వచ్చిన దారి వైపు చూశాడు. మోసేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఇంకోపారి పిలువు బిడ్డా, ఎండ ఉన్నది,” అన్నాడు మొండయ్య.

“జర ఆగుండ్రి,” అన్నాడు పోశం. “మా బాపు ఎవలికీ మూడోది జల్ది పిలువకపోతుండె.”

పాడె చుట్టూ నిలబడి అందరం ఆగాం.